చిట్టెలుక గుండెకు మహా మౌనం

అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చే విశ్వవిద్యాలయం ఎక్కడైనా ఉందా అని ఎవరైనా అడిగితే, ఉందండీ, అది మాదే అని చెప్పగలను. అందులో డిప్యూటీ రిజిస్ట్రారుగా సర్క్యులర్లు రాసి రాసి చెయ్యి అరగదీసుకున్నవాణ్ణి కాబట్టి నా మాట నమ్మవచ్చు. ఒక పరిశోధక విద్యార్థిని మమ్మల్ని అడిగింది, ఒక నీళ్ళ మోటారును రోజూ మూడు గంటలసేపు ఆపమని. మేము మొత్తం విశ్వవిద్యాలయాన్నే ఆపేశాం. మోటారును తప్ప.

ఆ అమ్మాయి పేరు తాడి నీలవేణి. రాజోలు దగ్గర ఏదో లంక ఊరు వాళ్ళది. జంతుశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ దయానందం గారి దగ్గర పరిశోధన చేస్తోంది. ఏం పరిశోధనమ్మా అని ఒకసారి మాటవరసకి అడిగితే, నన్ను వెంటబెట్టుకుపోయి చూపించింది. చిట్టెలుక గుండెను తీసి సన్నటి గొట్టానికి కట్టి, అందులోకి గోరువెచ్చటి ద్రావణం ఎక్కిస్తారు. ఆ ద్రావణం కండను మెత్తబరుస్తుంది. అప్పుడు నెమ్మదిగా కదిపితే కణాలు ఒక్కొక్కటిగా విడిపోతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే బియ్యపు నూకల్లాగా పొడుగ్గా, ఒంటినిండా అడ్డచారలతో కనిపించాయి. పొడుగ్గా ఉన్నది బతికున్న కణం, గుండ్రంగా ముడుచుకుపోయింది చచ్చిన కణం. బతికున్నవి కూడా సాయంత్రం దాకా ఆగవు.

ఇక అసలు పని అక్కడ మొదలవుతుంది. వెంట్రుక కంటే సన్నగా సాగదీసిన గాజు సూది మొనను కణం మీద ఆనించి, ఆ సూదికి తగిలించిన రబ్బరు గొట్టాన్ని నోట్లో పెట్టుకుని చిన్నగా పీలిస్తే, కణం పొర సూదికి అతుక్కుంటుంది. గుండె ఒక్కసారి కొట్టుకున్నాక కణంలోంచి పొటాషియం బయటికి పోవాలట. పోతేనే కణం కాస్త తెరిపిన పడి తర్వాతి దెబ్బకు సిద్ధమవుతుంది. ఒక మందు తగిలినప్పుడు ఆ పొటాషియం పోవడం ఎంత తగ్గుతుందో నీలవేణి కొలుస్తోంది. ఆ మందు మింగినవాళ్ళలో కొందరి గుండె లయ ఎందుకు తప్పుతోందో ఆ కొలతలో తేలుతుందని ఆవిడ ఆశ.

ఇదంతా ఒక నల్లరాతి పలక మీద జరుగుతుంది. ఆ పలక గాలి కొట్టిన స్కూటరు ట్యూబుల మీద కూర్చుని ఉంటుంది. నేల ఏమాత్రం అదిరినా సూది జారిపోతుంది, అందుకని ఆ ఏర్పాటు. నేను వంగి చూస్తుండగా నాకు తుమ్ము వచ్చింది. ఆ కణం అంతటితో సరి. నీలవేణి నన్నేమీ అనలేదు కాని, ఆ తర్వాత నుంచి నాతో గుమ్మం బయట నిలబడే మాట్లాడేది.

ఇలా ఉండగా మా ఎస్టేటు విభాగంవారు ఆ ప్రయోగశాల వెనక బోరు వేసి, గోడకు ఆనించి మోటారు బిగించారు. ఊళ్ళో అంత స్థలం ఉండగా ఆ గోడే ఎందుకంటే, అక్కడ నీడ ఉందన్నారు. అది పదకొండు నుంచి రెండు దాకా తిరుగుతుంది. జంతుశాల తెరిచి ఎలుకను ఇచ్చేసరికి తొమ్మిది. గుండె తీసి కణాలు తయారుచేసేసరికి పదకొండు. మోటారు ఆగేసరికి సగం కణాలు ముడుచుకుపోయి ఉండేవి, మిగతావి సూది పట్టే ఓపిక లేక ముడుచుకోబోతూ ఉండేవి. అయిదింటికల్లా భద్రతా నిబంధనల ప్రకారం గదికి తాళం. అలా ఈదుకుంటూ వచ్చి, ఆ అమ్మాయి పని ఇంకా ఆరు కణాల దూరంలో ఆగిపోయింది. మా నిబంధనల్లో కొలతలకు కనీస సంఖ్య ఒకటుంది. అది నిండకపోతే సిద్ధాంత గ్రంథం గుమ్మంలోకి రానివ్వరు. గడువు ఆ నెలాఖరు. అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదన్నారు. ఆరు కణాలు కొలవకపోతే అయిదేళ్ళ చదువూ చెత్తబుట్టలోకి పోతుంది.

నీలవేణి దరఖాస్తు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మోటారు ఆపక్కర్లేదు, వేళ మారిస్తే చాలని, తెల్లారి ఆరింటికి వేసుకుని తొమ్మిదికి ఆపేసుకోవచ్చని చెప్పింది. ఇదెంత పనమ్మా, చిన్న విషయం అన్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో చిన్న విషయం అనేది ఒక్కటైనా కంటబడనివాణ్ణి, ఆ రోజు ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

మా ఉపకులపతి గారికి ఏటా ఒక ఉత్సాహం వస్తుంది. కిందటేడు నవ్వు. ప్రతి విభాగంలోనూ ఉదయం పూట అందరూ కలిసి పది నిమిషాలు నవ్వాలి, నవ్వనివారి మీద చర్య తీసుకోవాలి. అంతకుముందు ఏడు ఆకుపచ్చ రంగు. గోడలు, బల్లలు, చివరికి అంబులెన్సుకు కూడా ఆకుపచ్చ వేశాం. ఈ ఏడు ఇంకా ఏ ఉత్సాహమూ రాలేదేమా అని మేమంతా బిక్కుబిక్కుమంటూ ఎదురుచూస్తున్నాం. సరిగ్గా అప్పుడే ఆయన ఎక్కడో కొండల్లో జరిగిన ఒక సదస్సుకు వెళ్ళి, అక్కడ మూడు రోజులు మాట్లాడకుండా ఉండి వచ్చారు. వచ్చిన పూటే ఈ దరఖాస్తు ఆయన బల్ల మీదికి చేరింది.

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. చదివి కళ్ళు మూసుకున్నారు. తెరిచి నాతో అన్నారు:

"విశ్వపతి గారూ, ఒక మోటారు ఆపితే ఒక మోటారే ఆగుతుంది. దానివల్ల సంస్థకు ఒరిగేదేమిటి? ఒక మూగజీవి గుండె మనల్ని నిశ్శబ్దం కోరుతోంది. దీన్ని మనం సమగ్ర దృక్పథంతో చూడాలి."

సమగ్ర దృక్పథంతో చూడటమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. కలం మూత తీశాను.

ఆ సాయంత్రానికి 'మౌన ప్రాంగణ మహోద్యమం' పుట్టింది. దాన్ని నడిపే సమితికి అధ్యక్షుడిగా ఎస్టేటు అధికారి ముదునూరి నరసరాజు గారిని వేశారు. భీమవరం మనిషి. మాట మెత్తన, మర్యాద మెండు, పని ఎక్కడిదక్కడే ఉంటుంది. మరి ఆ మోటారు సంగతి అని నేను ఆయన్ని అడిగాను. ఆయన నాకు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, ఓపిగ్గా విడమరిచారు.

"మోటారంటే నీటి సరఫరాండి. నీటి సరఫరా అత్యవసర సేవ కిందకి వస్తదండి. అత్యవసర సేవ వేళలు మార్చాలంటే ముందు అత్యవసర పరిస్థితి ఉండాలండి. మనకి అలాంటిదేం లేదు కదండి. మిగతావన్నీ ఆపేద్దారండి. ఆయ్."

మిగతావన్నీ ఆపేశాం.

మొదటి సర్క్యులరులో హారన్లు, బూట్లు, పెద్దగా నవ్వడం నిషేధించాను. (నవ్వు తాలూకు పాత సర్క్యులరు ఇంకా అమలులోనే ఉంది కాబట్టి శబ్దం రాకుండా నవ్వవలెను అని వివరణ ఇచ్చాను.) వసారాల్లో అందరూ చెప్పులు విడిచి నడవాలి. క్యాంటీనులో అట్లకాడ పెనానికి తగలకుండా దోసె తీయాలి. మా వంటవాడు వీరభద్రం రెండు రోజులు అరిటాకు ముక్కతో ప్రయత్నించి, మూడోరోజు నుంచి ఇడ్లీకి దిగాడు. అధ్యాపకులు పాఠం చెప్పకూడదు, బోర్డు మీద రాయాలి. సుద్దముక్క కీచుమంటోందని ఫిర్యాదు వచ్చాక రాయడం కూడా మానేసి, విద్యార్థులవైపు భావగర్భితంగా చూసేవారు. చాలామంది పాఠాలు అంతకుముందు కంటే బాగా అర్థమవుతున్నాయని విద్యార్థులు చెప్పారు.

ఉద్యోగులు ఈ ఉద్యమాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పనిచేస్తే చప్పుడవుతుంది. బీరువా తీస్తే కిర్రుమంటుంది, స్టాంపు వేస్తే టప్పుమంటుంది, ఫైలు దులిపితే దగ్గొస్తుంది. కాబట్టి ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. నరసరాజు గారు ఒక దళాన్ని ఏర్పాటు చేసి ఎర్రజెండాలు ఇచ్చారు. చప్పుడు చేసినవాడి ముందుకు వెళ్ళి జెండా ఎత్తి నిలబడాలి, వాడు సిగ్గుపడేదాకా దించకూడదు. ఒక చరిత్ర ప్రొఫెసరు గారికి ఎక్కిళ్ళు వస్తే ఆయన వెనకాలే ఇంటిదాకా జెండా వెళ్ళింది.

ఇన్ని జరిగినా మోటారు మాత్రం పదకొండింటికి ఠంచనుగా మొదలయ్యేది. ప్రాంగణమంతా చడీచప్పుడు లేకపోవడంతో దాని మోత ఇప్పుడు గేటు దాకా వినిపిస్తోంది. నీలవేణి సూది యథాప్రకారం జారుతోంది.

అప్పుడే ఉపకులపతి గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఎంత చెప్పులు విడిచినా సిమెంటు మీద పాదాలు టపటపమంటున్నాయి, నేల మెత్తబడితే తప్ప మౌనం సంపూర్ణం కాదు అని. దాంతో దారులన్నిటి మీదా ఎర్రమట్టి పోసి, కడియం నర్సరీల నుంచి లారీల్లో పచ్చగడ్డి పలకలు తెప్పించి పరిచారు. చూడముచ్చటగా ఉంది. అయితే వేసవి. కొత్తగా పరిచిన గడ్డి ఒక పూట తడి లేకపోతే మాడిపోతుంది. కాబట్టి ఆ గడ్డిని బతికించడానికి మోటారు పదకొండు నుంచి రెండు దాకా కాక, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా వేయాలని నరసరాజు గారు ఉత్తర్వు తెచ్చుకున్నారు.

నీలవేణి ఆ రోజు నా గదికి వచ్చింది. ఆమె అడిగింది మూడు గంటల వేళ మార్చమని. మేము తొమ్మిది గంటలు పెంచాం.

"సార్, నా దరఖాస్తు వెనక్కి ఇచ్చేస్తారా?" అంది నెమ్మదిగా.

వెనక్కి ఇవ్వడం కుదరదని చెప్పాను. ఆ దరఖాస్తుకు అప్పటికే పటం కట్టి సెనేటు హాలులో పెట్టాం, మహోద్యమానికి ప్రేరణ అని కింద రాసి.

తర్వాతి వారం ఉద్యమం శాస్త్రీయ దశలోకి ప్రవేశించింది. నరసరాజు గారు శబ్దం కొలిచే యంత్రం ఒకటి కొని, ప్రతి భవనంలోనూ కొలిపించారు. గ్రంథాలయం నిశ్శబ్దంగా ఉంది. పరిపాలనా భవనం శ్మశానంలా ఉంది. మొత్తం ప్రాంగణంలో అన్నిటికంటే ఎక్కువ చప్పుడు నీలవేణి ప్రయోగశాలలో నమోదయింది. మోటారు చప్పుడును అత్యవసర సేవ కింద తీసేసి లెక్క వేశారు. అయినా కణాలు బతకడానికి ద్రావణంలోకి ఆక్సిజన్ పంపిస్తే బుడబుడమంటుంది. పక్క గదిలో చిట్టెలుకలు కిచకిచమంటాయి. ఆ రెండూ కలిపితే మిగతా విశ్వవిద్యాలయం మొత్తానికి మించిపోయింది. ఏ ప్రయోగశాల కోసం మౌనం పాటిస్తున్నామో ఆ ప్రయోగశాలే మౌనభంగం చేస్తోందని సమితి తీవ్ర ఆవేదన వ్యక్తం చేసింది. ఆ మెమో కూడా నేనే రాశాను. 'మీ ఎలుకల ప్రవర్తనపై సంజాయిషీ ఇవ్వవలసిందిగా' అని ఒక వాక్యం అందులో ఉంది. మామూలుగా నా వాక్యాలు చూసుకుని నేనే మురిసిపోతాను. ఈసారి మురవలేదు.

సంజాయిషీ దయానందం గారు ఇచ్చారు. ఎలుకలకు మాటలు రావని, అవి కిచకిచమనడం దురుద్దేశంతో కాదని రాశారు. సమితి దాన్ని సానుభూతితో పరిశీలించి, ఉన్న ఎలుకలను ఉండనిచ్చి, కొత్త ఎలుకలు ప్రాంగణంలోకి రాకూడదని తీర్మానించింది. అప్పటికి నీలవేణికి మిగిలినవి మూడు.

మొదటిదాని గుండెలోంచి కణాలు తయారుచేసిన రోజున నరసరాజు గారి దళం పరిశీలనకు వచ్చింది. జెండాలతో సహా ఎనిమిదిమంది, రాతిపలక చుట్టూ మూగి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. కాని ఎనిమిదిమంది ఎంతసేపని ఊపిరి బిగబడతారు? అందరూ ఒక్కసారి వదిలారు. రెండోదాని రోజున ఎవరూ రాలేదు, మోటారు ఒక్కటే తిరిగింది. అదొక్కటే చాలింది.

ఆ రోజు సాయంత్రం నేను అటు వెళ్ళాను. నీలవేణి గుమ్మం దగ్గర మెట్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమ్మా, ఒక్క కొలతా రాలేదా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"ఒక ప్రాణం తీశాక దాని గుండె ఏదో ఒకటి చెప్పాలి కదా సార్. ఏమీ చెప్పకుండా పోయిందంటే ఆ పాపం నాదే కదా. నాకు డిగ్రీ రాకపోతే పోయింది. ఇంకొకటి మిగిలింది, దాన్ని కూడా ఊరికే చంపలేను."

ఆ అమ్మాయిని చూస్తుంటే సిగ్గేసింది, జాలేసింది, వీటన్నిటికీ మించి ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినా శబ్దం చేయకూడదు కాబట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

ఈలోగా మా మౌనం కీర్తి రాజధాని దాకా పాకింది. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే మండలి నుంచి ముగ్గురు సభ్యులు స్వయంగా చూడటానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. ఉపకులపతి గారు నెలాఖరు రోజును 'మహా మౌన దినం'గా ప్రకటించారు. అదే నీలవేణి గడువుకు ఆఖరి రోజు కూడా. ఆ రోజు పదకొండు నుంచి రెండు వరకు ప్రాంగణంలో ఎవరి నోటా మాట రాకూడదు, ఎక్కడా కొత్తగా ఏ చప్పుడూ పుట్టకూడదు. అతిథులతో సహా అందరూ పలకల మీద రాసుకోవాలి. మౌనభంగం చేసినవారు ఎంతటివారైనా అప్పటికప్పుడు ప్రాంగణం విడిచి వెళ్ళిపోవాలి. "ఎంతటివారైనా" అనే మాట ఉపకులపతి గారే పట్టుబట్టి చేర్పించారు. చరిత్రలో నిలిచిపోవాలంటే నిబంధన మనకూ వర్తించాలి అన్నారు.

కార్యక్రమంలో ముఖ్యాంశం చిట్టెలుక గుండె కణం. ఏ కణం కోసం ఇంత మౌనమో ఆ కణాన్ని అతిథుల సమక్షంలో కొలవాలి. నీలవేణికి ఉత్తర్వు అందింది, ఉత్తర్వులో ఆమెను కాదు, కణాన్ని 'లబ్ధిదారు' అని పేర్కొన్నారు. ఆ పూట మోటారు ఆపిస్తారా అని దయానందం గారు నరసరాజు గారిని మళ్ళీ అడిగారు. ఆయన చాలా బాధపడ్డారు.

"ఆ రోజు గడ్డి పచ్చగా ఉండాలి కదండి. పెద్దవాళ్ళు గడ్డి మీదే నిలబడతారండి. మోటారు ఆపితే ఎలాగండి?"

ఆ రోజు పొద్దున్నే నీలవేణి ఆఖరి ఎలుకను చేతిలోకి తీసుకుంది. ఎంతోసేపు దాని వీపు నిమురుతూ కూర్చుందని దయానందం గారు తర్వాత చెప్పారు. పదకొండు అయ్యేసరికి కణాలు తయారయ్యాయి. మంచి కణాలు, అడ్డచారలు స్పష్టంగా ఉన్నాయి.

పదకొండింటికి ఉపకులపతి గారు కంచు గంట మోగించారు. మోత తగ్గిపోయాక ప్రాంగణంలోని వేలమందిలో ఒక్కరూ మాట్లాడలేదు. ప్రయోగశాల కిటికీ ముందు తడిసిన గడ్డి మీద ముగ్గురు మండలి సభ్యులు, ఉపకులపతి గారు, నరసరాజు గారు, విభాగాధిపతులు చెప్పులు లేకుండా వరసగా నిలబడ్డారు. నన్ను గుమ్మంలో నిలబెట్టారు, లోపల జరిగేది చూసి పలక మీద రాసి బయటికి చూపించడానికి.

మోటారు తిరుగుతోంది. లోకంలో ఇంకే చప్పుడూ లేకపోతే ఒక మోటారు ఎంత చప్పుడు చేస్తుందో ఆ రోజు తెలిసింది. మండలి అధ్యక్షుడు ఒక పెద్దాయన. ఆయన కాసేపు విని, పలక మీద "ఏమిటి ఆ మోత?" అని రాసి చూపించారు. ఉపకులపతి గారు నరసరాజు గారి వైపు చూశారు. నరసరాజు గారు "అత్యవసర సేవ" అని రాశారు, చివర "అండి" కూడా.

లోపల నీలవేణి మొదటి కణం మీద సూది ఆనించింది. పీల్చింది. జారిపోయింది. రెండో కణం. జారిపోయింది. మూడోదాన్ని చూసి చూసి, సూదిని పైకి ఎత్తేసింది. నోట్లోంచి రబ్బరు గొట్టం తీసింది. లేచి, నన్ను దాటుకుని బయటికి వెళ్ళింది.

వట్టి కాళ్ళతో గడ్డి మీద నడుచుకుంటూ వెళ్ళింది. పెద్దల వరస ముందునుంచే వెళ్ళింది. వెళ్ళి గోడ మీద ఉన్న మోటారు పెట్టె మూత తీసి, ఎర్ర బొత్తాం నొక్కింది. మోటారు రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

నేను నరసరాజు గారి నోరే చూస్తున్నాను. అది తెరుచుకుంది. తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. కేక వేస్తే మౌనభంగం, వేసినవాడు ఎంతటివాడైనా గేటు బయటికి పోవాలి. ఆయన ఎర్రజెండా ఎత్తారు. కాని జెండా చప్పుడు చేసినవాళ్ళకి. ఈ అమ్మాయి ఉన్న చప్పుడును తీసేసింది. జెండా ఎవరికి చూపించాలో తెలియక ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి మోటారుకు చూపించారు.

ఆయన గడ్డి మీద గబగబా నడిచి ఆ పెట్టె దగ్గరికి చేరుకున్నారు. ఆకుపచ్చ బొత్తాం మీద వేలు పెట్టారు. అది నొక్కితే కొత్తగా చప్పుడు పుడుతుంది. వేలు అక్కడే పెట్టి ఉపకులపతి గారి వంక చూశారు. ఉపకులపతి గారు మండలి అధ్యక్షుడి వంక చూశారు. ఆ పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ముఖంలో ఎంతో హాయి. ఎక్కడో దూరంగా కాకి అరిచింది, అంతే. ఆయన పలక మీద "అద్భుతం" అని రాసి, కళ్ళు తెరవకుండానే గుండెకు హత్తుకున్నారు. ఉపకులపతి గారు నరసరాజు గారికి వద్దన్నట్టు తల ఊపారు.

నీలవేణి అప్పటికే లోపలికి వచ్చేసింది. ఎవరి వైపూ చూడలేదు. నోట్లో గొట్టం పెట్టుకుని, సూది దించింది. ఈసారి సూది పట్టుకుంది. తెర మీద గీత పైకి లేచి, వంగి, మెల్లగా కిందికి దిగింది. మందు పోసింది. అదే గీత ఈసారి సగమే లేచింది. నేను పలక మీద "ఒకటి" అని రాసి గుమ్మంలోంచి బయటికి చూపించాను. బయట అందరూ రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఆడించారు. చప్పట్లకు బదులు అలా చేయాలని నా సర్క్యులరే.

మందు కడిగేసి మళ్ళీ మొదలుపెట్టింది. రెండోది అయింది. మూడోది మధ్యలో గుండ్రంగా ముడుచుకుపోయింది, దాన్ని వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంది. ఎండ నెత్తికెక్కింది. గడ్డి మీద పెద్దలు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు. మా పరీక్షల కంట్రోలరు గారు నిలబడే కునుకు తీశారు. నేను నాలుగు అని రాశాను, అయిదు అని రాశాను. చేతులెత్తేవాళ్ళకు చేతులు నొప్పి పుట్టి అయిదోసారి వేళ్ళు మాత్రం ఆడించారు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే ఆ చప్పుడుకి సూది జారుతుందేమోనని గుమ్మం నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆరో కణం ఒక పట్టాన దొరకలేదు. పళ్ళెంలో చాలావరకు ముడుచుకుపోయాయి. నీలవేణి పళ్ళేన్ని అటూ ఇటూ జరుపుతూ వెతికింది. చివరికి అంచు దగ్గర ఒకటి కనిపించింది, పొడుగ్గా, చారలతో. సూది దించింది. అతుక్కుంది. గీత లేచి దిగింది. ఇక మందు పోసి ఒక్కసారి కొలిస్తే అయిపోతుంది. మందు పనిచేయడానికి కాస్త సమయం పడుతుంది. మందు పోసింది. అంతలో బయట కంచు గంట మోగింది. రెండయింది.

మహా మౌనం ముగిసింది. మూడు గంటల మౌనం తర్వాత ఉపకులపతి గారు పలికే తొలి పలుకు కోసం విలేకరులు రికార్డర్లు పట్టుకుని ముందుకు వచ్చారు. మండలి అధ్యక్షుడు కళ్ళు తెరిచారు. ఉపకులపతి గారు గొంతు సవరించుకున్నారు.

"రాజు గారూ, ఆ మోటారు వేయండి. గడ్డి మాడిపోతోంది."

నరసరాజు గారు ఆకుపచ్చ బొత్తాం నొక్కారు. మోటారు గుర్రుమని, ముక్కి, నీళ్ళు తోడకుండా ఊరికే తిరిగి ఆగిపోయింది. వారాల తరబడి రోజంతా తిరిగి తిరిగి గొట్టంలో నీళ్ళు కిందికి జారిపోకుండా పట్టే ఫుట్‌వాల్వు అరిగిపోయిందట, ఆపగానే గొట్టంలో నీళ్ళు దిగిపోయి గాలి పట్టిందట. మూత విప్పి బిందెతో నీళ్ళు పోస్తే తప్ప తోడదు. బిందె కోసం దళం పరుగెత్తింది. మౌనం లేదు కాబట్టి ఈసారి బాగా అరుచుకుంటూ పరుగెత్తింది. ఒక బిందె పోశారు, చాల్లేదు. రెండోది పోశారు. నరసరాజు గారు ఇంకా పోయండ్రా అని కేకలు పెడుతున్నారు.

నేను తెర వంక చూస్తూ నిలబడ్డాను. నీలవేణి మీట నొక్కింది. గీత పైకి లేచింది, సగం దాకా లేచింది, అక్కడి నుంచి వంగి మెల్లగా దిగింది. మిగతా అయిదూ చెప్పినదే ఇదీ చెప్పింది. ఆమె దాన్ని భద్రం చేసి, గొట్టం నోట్లోంచి తీసి, చేతుల్లో ముఖం పెట్టుకుంది.

అప్పుడు గోడ అవతల మోటారు అందుకుంది. రాతిపలక జివ్వున వణికింది. తెర మీద గీత పిచ్చిగా ఎగిరింది, సూది జారిపోయింది. బయట చప్పట్లు మొదలయ్యాయి, మౌనానికో మోటారుకో నాకు తెలియలేదు. నేను గాభరాగా, ఆపించి రానా అమ్మా అన్నాను.

నీలవేణి తల ఎత్తింది. కళ్ళు తుడుచుకుంది. ఎన్నో రోజుల తర్వాత ఆ అమ్మాయి నవ్వడం చూశాను.

"ఇక తిరగనివ్వండి సార్," అంది.